పరమాణు నమూనాల నుంచి పసుపు పరీక్ష వరకు: ద్రవ్యరాశి వర్ణపటమితి పనిచేసే తీరు

ఉపోద్ఘాతం

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో ఒకే కల్లంపై ఆరిన పసుపును రెండు ప్రయోగశాలలకు పంపినప్పుడు రెండు వేర్వేరు అంకెలు రావడం అసాధారణం కాదు. ఉదాహరణకు ఒక నివేదికలో కుర్కుమిన్ 4.0 శాతమని, మరొక నివేదికలో 2.8 శాతమని ఉండవచ్చు. ధర కుర్కుమిన్ శాతంపై ఆధారపడే చోట ఈ వ్యత్యాసం రైతుకు నేరుగా నష్టమో లాభమో అవుతుంది. రెండింటిలో ఒకటి తప్పని రైతు భావించడం సహజం. వాస్తవానికి రెండూ సరైనవే కావచ్చు. మొదటి ప్రయోగశాల సుమారు 425 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని పసుపు ద్రావణం ఎంత శోషించుకున్నదో కొలిచింది. ఆ కాంతిని కుర్కుమిన్‌తోపాటు దాని సన్నిహిత పదార్థాలు రెండూ శోషించుకుంటాయి. కాబట్టి ఆ అంకె మూడింటి మొత్తం. రెండవ ప్రయోగశాల ఆ మూడింటినీ వేరుచేసి కుర్కుమిన్‌ను మాత్రమే లెక్కించింది.

రంగును చూసే పరికరం ఆ రంగు ఏ అణువుదో చెప్పలేదు. అణువును గుర్తించాలంటే దానికి మాత్రమే చెందిన లక్షణాన్ని కొలవాలి. అటువంటి లక్షణాల్లో ముఖ్యమైనది ద్రవ్యరాశి. అణువుల ద్రవ్యరాశిని కొలిచే శాస్త్రమే ద్రవ్యరాశి వర్ణపటమితి. ఆ పని చేసే పరికరం మాస్ స్పెక్ట్రోమీటర్. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైన తరువాత నాణ్యత, కల్తీ, అవశేషాల పరీక్షల గురించి రైతులు విస్తరణ శాస్త్రవేత్తలను అడిగే ప్రశ్నలు పెరగడం సహజం. ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పాలంటే పరికరం లోపల ఏమి జరుగుతుందో తెలిసి ఉండాలి. అది తెలియాలంటే పరమాణు నిర్మాణం నుంచి ప్రారంభించాలి. ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో చరిత్రగా చదివే పరమాణు నమూనాల్లో ప్రతి ఒక్కటీ ఈ పరికరం పనితీరులో ఒక భాగాన్ని వివరిస్తుంది.

పరమాణు నమూనాలు: ఒక్కొక్కటి అందించినదేమిటి?

జాన్ డాల్టన్ 1808లో ప్రచురించిన గ్రంథంలో ప్రతి మూలకానికీ ప్రత్యేకమైన పరమాణువులు ఉంటాయని, వాటిని ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుగా గుర్తించే ముఖ్య లక్షణం వాటి బరువేనని ప్రతిపాదించాడు. ద్రవ్యరాశిని గుర్తింపు చిహ్నంగా వాడే ఆలోచనకు ఇది పునాది. నేడు పరమాణు ద్రవ్యరాశి ప్రమాణానికి ఆయన పేరే వాడుకలో ఉంది. కార్బన్-12 పరమాణువు ద్రవ్యరాశిలో పన్నెండవ వంతు ఒక డాల్టన్. అయితే ఒక మూలకపు పరమాణువులన్నీ ఒకే బరువు కలిగి ఉంటాయన్న డాల్టన్ ప్రతిపాదన మాత్రం నిలవలేదు. దాన్ని సవరించినది కూడా ఈ పరికరమే.

జె. జె. థామ్సన్ 1897లో కాథోడ్ కిరణాలను విద్యుత్, అయస్కాంత క్షేత్రాల్లో వంచి, వాటిలోని రుణావేశ కణాల ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తిని కొలిచాడు. ఆ కణమే ఎలక్ట్రాన్. ధనావేశపు గోళంలో ఎలక్ట్రాన్లు పుచ్చకాయలోని గింజల వలె పొదిగి ఉంటాయని ఆయన 1904లో నమూనా ప్రతిపాదించాడు. ఆ నమూనా కొద్ది సంవత్సరాలకే వీగిపోయింది. కానీ రెండు విషయాలు శాశ్వతంగా నిలిచాయి. మొదటిది, తటస్థ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను తొలగిస్తే ధనావేశ అయాన్ మిగులుతుంది. రెండవది, ఆవేశం గల కణాన్ని క్షేత్రంలో వంచి దాని ద్రవ్యరాశిని తెలుసుకోవచ్చు. మాస్ స్పెక్ట్రోమీటర్ మూలసూత్రం ఈ రెండింటి కలయికే.

గైగర్, మార్స్‌డెన్ 1909లో పలుచని లోహపు రేకులపై ఆల్ఫా కణాలను పంపినప్పుడు అత్యధిక భాగం దాదాపు సూటిగా దూసుకుపోగా, అతి కొన్ని వెనుకకు మళ్ళాయి. దీని ఆధారంగా ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ 1911లో పరమాణువు మధ్యలో అతి చిన్న, అతి సాంద్రమైన కేంద్రకం ఉంటుందని నిర్ధారించాడు. పరమాణువును 100 మీటర్ల వెడల్పుగల మైదానమంతగా ఊహిస్తే, కేంద్రకం ఆవగింజకూ శనగగింజకూ మధ్య పరిమాణంలో ఉంటుంది. అయినా పరమాణు ద్రవ్యరాశి దాదాపు మొత్తం అందులోనే ఉంటుంది. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి ప్రోటాన్ ద్రవ్యరాశిలో 1,836వ వంతు మాత్రమే. అందువల్ల అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తొలగించినప్పుడు దాని ద్రవ్యరాశి 0.0005 డాల్టన్ల మేరకే తగ్గుతుంది. అణువుకు ఆవేశం వస్తుంది కాని దాని బరువు దాదాపు మారదు. పరికరం కొలిచేది అయాన్‌నే అయినా, దాన్నుంచి అసలు అణువు ద్రవ్యరాశిని నమ్మకంగా చెప్పగలగడానికి కారణం ఇదే.

నీల్స్ బోర్ 1913లో ఎలక్ట్రాన్లు నిర్దిష్ట శక్తి స్థాయుల్లోనే ఉంటాయని చూపాడు. 1926 తరువాత వచ్చిన క్వాంటం యాంత్రికశాస్త్రం కచ్చితమైన కక్ష్యలకు బదులు ఎలక్ట్రాన్ ఉండే సంభావ్యతను తెలిపే ఆర్బిటాళ్లను ప్రవేశపెట్టింది. శక్తి స్థాయుల భావన మాత్రం కొనసాగింది. ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి ఎంత శక్తి కావాలో నిర్ణయించేది ఈ స్థాయులే. అధిక శాతం కర్బన అణువులకు అది 10 ఎలక్ట్రాన్ వోల్టుల పరిసరాల్లో ఉంటుంది. వాయు క్రోమటోగ్రఫీకి అనుసంధానించిన పరికరాల్లో అణువులపై 70 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల ఎలక్ట్రాన్లను పంపుతారు. అవసరానికి మించిన ఈ శక్తిలో కొంత భాగం అణువులోని బంధాలను తెంచుతుంది. అలా ఏర్పడిన ముక్కల వరుస ప్రతి పదార్థానికీ వేలిముద్ర వంటిది.

ఐసోటోపులు: ఒకే రసాయన స్వభావం, వేర్వేరు బరువు

ఒకే మూలకానికి వేర్వేరు ద్రవ్యరాశులు గల పరమాణువులు ఉండవచ్చన్న భావనకు ఫ్రెడరిక్ సాడీ 1913లో ఐసోటోప్ అన్న పేరును వాడుకలోకి తెచ్చాడు. ఆ కాలంలోనే థామ్సన్ నియాన్ వాయువు ధన కిరణాలను క్షేత్రాల గుండా పంపగా ఫోటో పలకపై 20 వద్ద ఒక వక్రం, 22 వద్ద మరొక వక్రం కనిపించాయి. ఆయనకు సహాయకుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో మెరుగైన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌ను నిర్మించి, నియాన్, క్లోరిన్ వంటి మూలకాలు ఐసోటోపుల మిశ్రమాలని నిరూపించాడు. దీనికి ఆయనకు 1922లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. క్లోరిన్ పరమాణు భారం 35.5 ఎందుకు అయిందన్న పాత ప్రశ్నకు సమాధానం అప్పుడు దొరికింది. ప్రకృతిలోని క్లోరిన్‌లో 35 ద్రవ్యరాశి గల పరమాణువులు మూడు పాళ్లు, 37 ద్రవ్యరాశి గలవి ఒక పాలు ఉంటాయి. 35.5 బరువు గల క్లోరిన్ పరమాణువు ఒక్కటి కూడా లేదు.

ఈ బరువుల తేడాకు కారణాన్ని జేమ్స్ చాడ్విక్ 1932లో కనుగొన్న న్యూట్రాన్ వివరించింది. ప్రోటాన్ల సంఖ్య మూలకాన్ని నిర్ణయిస్తుంది. న్యూట్రాన్ల సంఖ్య ఐసోటోపును నిర్ణయిస్తుంది. రసాయన చర్యల్లో పాల్గొనేవి ఎలక్ట్రాన్లు కనుక ఐసోటోపులన్నీ మొక్కలోను, నేలలోను దాదాపు ఒకే విధంగా ప్రవర్తిస్తాయి. పరికరం మాత్రం వాటిని వేరుచేసి చూడగలదు. వ్యవసాయ పరిశోధనలో ఐసోటోపుల ఉపయోగమంతా ఈ రెండు వాస్తవాలపైనే నిలిచి ఉంది.

మరొక సూక్ష్మ విషయాన్ని కూడా విద్యార్థులు గమనించాలి. కేంద్రకంలో ప్రోటాన్లను, న్యూట్రాన్లను బంధించి ఉంచే శక్తి మూలకాన్ని బట్టి మారుతుంది. అందువల్ల ఐసోటోపుల ద్రవ్యరాశులు కచ్చితమైన పూర్ణాంకాలు కావు. హైడ్రోజన్ 1.0078, నత్రజని 14.0031, ఆక్సిజన్ 15.9949. కాబట్టి స్థూలంగా 28 బరువు గల కార్బన్ మోనాక్సైడ్ 27.9949 వద్ద, నత్రజని వాయువు 28.0061 వద్ద, ఇథిలీన్ 28.0313 వద్ద కనిపిస్తాయి. నాలుగు దశాంశ స్థానాల వరకు కొలవగల పరికరం బరువుతోపాటు అణు ఫార్ములాను కూడా సూచించగలుగుతుంది.

పరికరం పనిచేసే విధానం

కల్లంలో ధాన్యాన్ని తూర్పారబట్టేటప్పుడు గాలి ఒకే బలంతో వీచినా గట్టి గింజ దగ్గరగా, తాలు దూరంగా పడుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ చేసే పని స్థూలంగా ఇదే. అయితే గాలి గింజ ఆకారాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. విద్యుత్, అయస్కాంత క్షేత్రాలకు ఆకారంతో పని లేదు. ద్రవ్యరాశి, ఆవేశాల నిష్పత్తి ఒక్కటే ప్రధానం. పరికరంలో నాలుగు దశలు ఉంటాయి.

మొదటి దశ నమూనా ప్రవేశం. పసుపు వంటి సంక్లిష్ట పదార్థంలో వందలాది సమ్మేళనాలు ఉంటాయి కనుక ముందుగా ద్రవ లేదా వాయు క్రోమటోగ్రఫీ ద్వారా వాటిని కొంతవరకు వేరుచేసి, ఒక్కొక్కటిగా పరికరంలోకి పంపుతారు.

రెండవ దశ అయనీకరణం. ఆవిరి రూపంలోకి మారే పదార్థాలకు పైన చెప్పిన ఎలక్ట్రాన్ తాడనం వాడతారు. వేడికి విచ్ఛిన్నమయ్యే పెద్ద అణువులకు ఎలక్ట్రోస్ప్రే పద్ధతి అనువైనది. ఇందులో ద్రావణాన్ని అధిక వోల్టేజి గల సన్నని సూది నుంచి తుంపరగా వెదజల్లుతారు. తుంపర ఆరిపోతూ ఉండగా అణువులు సాధారణంగా ఒక ప్రోటాన్‌ను చేర్చుకుని, లేదా కోల్పోయి అయాన్లుగా మిగులుతాయి. అణువు ముక్కలు కాకుండా నిలుస్తుంది. ఈ పద్ధతిని అభివృద్ధి చేసిన జాన్ ఫెన్‌కు 2002లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. సీసం, క్రోమియం, కాడ్మియం వంటి మూలకాలను కొలవాలంటే నమూనాను కొన్ని వేల డిగ్రీల వేడి గల ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపుతారు. అక్కడ అణువులన్నీ విడిపోయి పరమాణు అయాన్లు మాత్రమే మిగులుతాయి.

మూడవ దశ విశ్లేషణ. అయస్కాంత క్షేత్రంలో ఒకే వోల్టేజితో వేగవంతమైన ఒకే ఆవేశం గల అయాన్లలో తేలికైనవి ఎక్కువగా, బరువైనవి తక్కువగా వంగుతాయి. ప్రయాణకాల పరికరంలో అయాన్లను ఒకేసారి విడిచిపెట్టి గమ్యం చేరే సమయాన్ని కొలుస్తారు. ప్రయాణకాలం ద్రవ్యరాశి వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. 20,000 వోల్టులతో పంపితే 369 డాల్టన్ల అయాన్ ఒక మీటరు దూరాన్ని సుమారు 10 మైక్రోసెకన్లలో, 309 డాల్టన్ల అయాన్ సుమారు 9 మైక్రోసెకన్లలో దాటుతాయి. అవశేషాల ప్రయోగశాలల్లో అధికంగా కనిపించే క్వాడ్రుపోల్ పరికరంలో నాలుగు సమాంతర కడ్డీల మధ్య నిరంతరం మారే విద్యుత్ క్షేత్రం ఉంటుంది. ఒక సమయంలో ఒకే ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి గల అయాన్ మాత్రమే దాన్ని క్షేమంగా దాటగలదు. మిగిలినవి కడ్డీలకు తగిలి ఆగిపోతాయి. ఒక విధంగా ఇది ఎప్పటికప్పుడు కంత మార్చుకోగల జల్లెడ.

నాలుగవ దశ గుర్తింపు. డిటెక్టర్‌పై పడిన ఒక్క అయాన్ ఎలక్ట్రాన్ల పరంపరను సృష్టించి, లక్షలాది ఎలక్ట్రాన్ల సంకేతంగా మారుతుంది. విశ్లేషణ, గుర్తింపు దశలు రెండూ వాతావరణ పీడనంలో కోటి వంతు లేదా అంతకన్నా తక్కువ పీడనం గల శూన్యంలో జరగాలి. లేకపోతే అయాన్ గాలి అణువులను ఢీకొని దారి తప్పుతుంది.

పసుపులోని మూడు కుర్కుమినాయిడ్లు

కుర్కుమిన్ అణువులో 21 కార్బన్, 20 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. పై ద్రవ్యరాశులను కూడితే 368.126 డాల్టన్లు వస్తుంది. ప్రోటాన్ చేరిన తరువాత ఇది 369.133 వద్ద కనిపిస్తుంది. కుర్కుమిన్ అణువు రెండు సమానమైన పార్శ్వాలు గలది. రెండు పార్శ్వాల్లోను ఒక్కొక్క మిథాక్సీ సమూహం ఉంటుంది. ఒక పార్శ్వంలో మిథాక్సీకి బదులు హైడ్రోజన్ ఉంటే అది డీమిథాక్సీకుర్కుమిన్; దాని అయాన్ 339.123 వద్ద వస్తుంది. రెండు పార్శ్వాల్లోను లేకపోతే అది బిస్‌డీమిథాక్సీకుర్కుమిన్. దాని అయాన్ 309.112 వద్ద వస్తుంది. వరుసగా తేడా 30.011. ఇది ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన బరువుకు సమానం.

ఈ గుర్తింపును మరింత నిర్ధారించడానికి రెండు విశ్లేషకాలను వరుసగా అమర్చిన పరికరం వాడతారు. మొదటి విశ్లేషకం 369 అయాన్‌ను ఎంపిక చేస్తుంది. దాన్ని జడ వాయువుతో ఢీకొట్టించి ముక్కలు చేస్తారు. రెండవ విశ్లేషకం ఆ ముక్కలను తూస్తుంది. కుర్కుమిన్ విరిగినప్పుడు మిథాక్సీ గల పార్శ్వం 177 వద్ద కనిపిస్తుంది. మిథాక్సీ లేని పార్శ్వమైతే 147 వద్ద కనిపిస్తుంది. అందువల్ల 369 నుంచి 177, 309 నుంచి 147, మధ్యస్థమైన 339 నుంచి 177, 147 రెండూ వస్తాయి. ముక్కల బరువులను బట్టి అణువు నిర్మాణాన్ని ఎలా పునర్నిర్మిస్తారో విద్యార్థులకు బోధించడానికి ఇంతకన్నా సరళమైన స్థానిక ఉదాహరణ దొరకడం కష్టం.

దీన్నుంచి విస్తరణ శాస్త్రవేత్తకు లభించే ఆచరణాత్మక సూచన ఒకటి ఉంది. రెండు నివేదికలను పోల్చేముందు ‘కుర్కుమిన్’ అని రాశారా, ‘మొత్తం కుర్కుమినాయిడ్లు’ అని రాశారా, ఏ పద్ధతితో కొలిచారు అన్నవి చూడాలి. ఒకే పద్ధతి కాని అంకెలను పోల్చి ఒక రకాన్ని మంచిదని, మరొకదాన్ని నాసిరకమని నిర్ణయించకూడదు. కొనుగోలుదారు ఏ పద్ధతి అంకెను బట్టి ధర నిర్ణయిస్తాడో రైతు ఉత్పత్తిదారుల సంఘం ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

కల్తీ: రంగు దాచినదాన్ని బరువు చూపిస్తుంది

పసుపులో కలిపే నిషిద్ధ రంగుల్లో మెటానిల్ ఎల్లో ఒకటి. అది కూడా పసుపుపచ్చని కాంతినే ఇస్తుంది కనుక కేవలం రంగు తీవ్రతను కొలిచే పరీక్ష కల్తీ పొడికి ఎక్కువ మార్కులు వేసే ప్రమాదం ఉంది. నిజాయితీగా పండించిన రైతు సరుకు దాని పక్కన వెలవెలబోతుంది. ద్రవ్యరాశి పరీక్షలో ఈ మోసం నిలవదు. మెటానిల్ ఎల్లో సల్ఫోనేట్ సమూహం గల రంగు కాబట్టి రుణ అయాన్‌గా 352 వద్ద కనిపిస్తుంది. కుర్కుమినాయిడ్ల సంకేతాలతో దానికి పోలిక లేదు.

పసుపు కొమ్ములను పాలిష్ చేసే దశలో మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలపడం అంతకన్నా ప్రమాదకరమైనది. ఇది అకర్బన లవణం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం పసుపులో లెడ్ క్రోమేట్ ఏ మాత్రమూ ఉండరాదు. ఆర్గాన్ ప్లాస్మా పరికరం సీసాన్ని అతి స్వల్ప పరిమాణాల్లో కూడా కొలవగలదు. అయితే ప్లాస్మా అణువులను విడగొడుతుంది కనుక సీసం ఏ సమ్మేళనం నుంచి వచ్చిందో అది నేరుగా చెప్పదు. ఇక్కడ పరమాణు లెక్క సహాయపడుతుంది. లెడ్ క్రోమేట్‌లో ఒక సీసపు పరమాణువుకు ఒక క్రోమియం పరమాణువు ఉంటుంది. బరువు ప్రకారం సుమారు 4:1. నమూనాలో సీసం అధికంగా ఉండి, క్రోమియం కూడా దాదాపు ఇదే నిష్పత్తిలో ఉంటే లెడ్ క్రోమేట్‌ను బలంగా అనుమానించాలి. సీసం మాత్రమే ఉండి క్రోమియం లేకపోతే నేల, దుమ్ము, పరికరాల వంటి ఇతర మూలాలను పరిశీలించాలి.

ఈ కొలతలో ఒక చిక్కు ఉంది. క్రోమియం ముఖ్య ఐసోటోపు బరువు 52. ప్లాస్మాలోని ఆర్గాన్-40, నమూనాలోని కార్బన్-12 కలిసి ఏర్పడే అయాన్ బరువు కూడా 52. కర్బన పదార్థం సరిగా జీర్ణం కాని నమూనాలో లేని క్రోమియం ఉన్నట్లు కనిపించవచ్చు. దీన్ని నివారించడానికి నమూనాను ఆమ్లంతో పూర్తిగా జీర్ణం చేయాలి, హీలియం నింపిన గదిలో ఇటువంటి జంట అయాన్లను వడకట్టాలి, లేదా క్రోమియం-53 తో సరిచూడాలి.

సీసానికి 204, 206, 207, 208 అనే నాలుగు స్థిర ఐసోటోపులు ఉన్నాయి. చివరి మూడూ యురేనియం, థోరియంల విఘటన నుంచి కూడా ఏర్పడతాయి కనుక వాటి నిష్పత్తులు గనిని బట్టి మారుతాయి. కలుషిత పసుపులోని సీసం నిష్పత్తిని, అనుమానిత రంగు పొడిలోని నిష్పత్తిని పోల్చి మూలాన్ని అంచనా వేయవచ్చు.

పిండి కలిపితే ఏమవుతుందన్నది మరొక ప్రశ్న. పసుపు, వరి సీ3 మొక్కలు. మొక్కజొన్న సీ4 మొక్క. కిరణజన్య సంయోగక్రియలోని తేడా వల్ల కార్బన్-13 నిష్పత్తి సీ3 మొక్కల్లో ప్రామాణికం కంటే వెయ్యికి సుమారు 27 పాళ్లు, సీ4 మొక్కల్లో సుమారు 12 పాళ్లు తక్కువగా ఉంటుంది. ఒక పసుపు పొడిలో ఈ విలువ మైనస్ 22.5 గా వస్తే, రెండు చివరల మధ్య 15 పాళ్ల దూరంలో 4.5 పాళ్లు జరిగినట్లు. అంటే పొడిలోని కార్బన్‌లో సుమారు 30 శాతం మొక్కజొన్న నుంచి వచ్చినట్లు లెక్క. బియ్యప్పిండి కలిపితే మాత్రం ఈ పద్ధతి పట్టుకోలేదు. వరి కూడా సీ3 మొక్కే. జగిత్యాల ప్రాంతంలో పసుపులో మొక్కజొన్నను అంతరపంటగా వేయడం వాడుక. ఆ పొలాల నేల కర్బనంలో ఏ పంట వాటా ఎంతో అధ్యయనం చేయడానికి కూడా ఇదే సూత్రం పనికివస్తుంది.

పురుగుమందుల అవశేషాలు

ప్రత్యేక పరిమితి నిర్ణయించని మందులకు ఐరోపా సమాఖ్య వర్తింపజేసే సాధారణ పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే 10 క్వింటాళ్ల పసుపులో 10 మిల్లీగ్రాములు. సన్నరకం వడ్ల గింజ ఒకటి సుమారు 15 మిల్లీగ్రాములు ఉంటుందనుకుంటే, 10 క్వింటాళ్లలో ఆ ఒక్క గింజకన్నా తక్కువ బరువును వెతికి తూచాలన్నమాట.

క్లోరిన్ ఐసోటోపుల నిష్పత్తి ఇక్కడ సాక్ష్యంగా నిలుస్తుంది. క్లోర్‌పైరిఫాస్ అణువులో మూడు క్లోరిన్ పరమాణువులు ఉన్నాయి. ఒక్కొక్కటి 35 కావడానికి నాలుగింట మూడు వంతులు, 37 కావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. అందువల్ల దాని అయాన్ 350, 352, 354, 356 వద్ద నాలుగు శిఖరాలుగా, సుమారు 27:27:9:1 నిష్పత్తిలో వస్తుంది. 350 వద్ద శిఖరం ఉండి 352 వద్ద దాదాపు అంతే ఎత్తు శిఖరం లేకపోతే అది క్లోర్‌పైరిఫాస్ కాదు.

అయితే పసుపులోని తైలాలు, కుర్కుమినాయిడ్లు ఎలక్ట్రోస్ప్రే తుంపరలో ఆవేశం కోసం పోటీపడి, అవశేషపు సంకేతాన్ని అణచివేస్తాయి. ఉన్న అవశేషం తక్కువగా కనిపించవచ్చు. దీనికి పరిష్కారం మళ్లీ ఐసోటోపులే. డ్యుటీరియంతో బరువు పెంచిన అదే మందును తెలిసిన పరిమాణంలో ముందే కలుపుతారు. రసాయనపరంగా రెండూ ఒకటే కనుక రెండూ ఒకే విధంగా అణగుతాయి. బరువు వేరు కనుక వేర్వేరుగా కనిపిస్తాయి. వాటి నిష్పత్తి నుంచి అసలు పరిమాణం తేలుతుంది.

వరిలో నత్రజని లెక్క

వరి రైతు వేసిన యూరియాలో పైరు తీసుకున్నదెంత అన్నది పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి కేంద్రాలున్న వరి ప్రాంతానికి ముఖ్యమైన ప్రశ్న. మొక్కలోని నత్రజని నేల నుంచి వచ్చిందో, ఎరువు నుంచి వచ్చిందో రసాయన పరీక్ష చెప్పలేదు. ప్రకృతిలోని నత్రజనిలో 15 బరువు గల ఐసోటోపు 0.366 శాతం మాత్రమే. దాన్ని అదనంగా చేర్చిన యూరియాను చిన్న మడిలో వేసి, కోత సమయంలో పైరులోని నత్రజనిని వాయువుగా మార్చి 28, 29, 30 బరువుల వద్ద కొలుస్తారు.

ఒక లెక్క చూద్దాం. ఎరువులో నత్రజని-15 సహజ స్థాయి కంటే 5 శాతం అధికమని, పైరులో 1.5 శాతం అధికమని అనుకుంటే, పైరు నత్రజనిలో 30 శాతం ఎరువు నుంచి వచ్చినట్లు. పైరు హెక్టారుకు 120 కిలోల నత్రజని తీసుకుంటే ఎరువు వాటా 36 కిలోలు. వేసిన ఎరువు 120 కిలోలైతే వినియోగ సామర్థ్యం 30 శాతం. నీరు నిలిచిన వరిలో 30 నుంచి 40 శాతం సామర్థ్యం సాధారణమే. మిగిలినదానిలో కొంత నేలలో నిలుస్తుంది, కొంత అమ్మోనియాగా, నత్రజని వాయువులుగా పోతుంది. ఎరువును ఎప్పుడు, ఏ లోతులో వేయాలన్న సిఫారసుల వెనుక ఇటువంటి కొలతలే ఉన్నాయి.

కోరుట్ల పాలు, సిరిసిల్ల వస్త్రం

కోరుట్ల పశువైద్య కళాశాల విద్యార్థులకు సన్నిహితమైన ఉదాహరణ అఫ్లటాక్సిన్. సరిగా ఆరని మొక్కజొన్నపై, వేరుశనగ చెక్కపై పెరిగే బూజు అఫ్లటాక్సిన్ బీ1 ను ఉత్పత్తి చేస్తుంది. దాని అయాన్ 313.07 వద్ద వస్తుంది. పశువు కాలేయం దానికి ఒక ఆక్సిజన్‌ను చేర్చి ఎం1 గా మార్చి పాలలోకి పంపుతుంది. దాని అయాన్ 329.07. తేడా సరిగ్గా ఒక ఆక్సిజన్ బరువు. కిలోకు 20 మైక్రోగ్రాముల బీ1 గల దాణాను రోజుకు 5 కిలోలు తిన్న గేదె 100 మైక్రోగ్రాముల విషాన్ని తీసుకుంటుంది. అందులో 2 శాతం 8 లీటర్ల పాలలోకి వస్తే లీటరుకు 0.25 మైక్రోగ్రాము. మన దేశంలో పాలకు అనుమతించిన పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము, ఐరోపా పరిమితి 0.05. ఇవే పాలు ఇక్కడ ఉత్తీర్ణమై అక్కడ తిరస్కృతమవుతాయి. దాణా ఆరబెట్టడంపై ఇచ్చే సలహా పాల నాణ్యతకు కూడా సలహాయేనని పశుపోషకులకు చెప్పాలి.

సిరిసిల్ల మరమగ్గాల వస్త్రానికి వాడే రంగుల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కొన్ని అజో రంగులు విచ్ఛిన్నమై క్యాన్సర్ కారక అమీన్లను విడుదల చేస్తాయి. అటువంటి రంగులను భారత ప్రభుత్వం 1997లో నిషేధించింది. పరీక్షలో వస్త్రపు ముక్కలోని రంగును రసాయనికంగా క్షయకరించి, విడుదలైన అమీన్లను వాయు క్రోమటోగ్రఫీ-ద్రవ్యరాశి పరికరంలో చూస్తారు. బెంజిడీన్ ఉంటే 184 వద్ద శిఖరం కనిపిస్తుంది. ఐరోపాలో పరిమితి కిలో వస్త్రానికి 30 మిల్లీగ్రాములు. అద్దకపు నీరు సాగునీటి కాలువలో కలిసే చోట సిరిసిల్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులకు ఇది నేల, నీటి నాణ్యత అంశం కూడా అవుతుంది.

నివేదికను చదవడం, నమూనాను తీయడం

పరికరం ఎంత సున్నితమైనదైనా దానిలోకి వెళ్లేది కొన్ని మైక్రోలీటర్ల ద్రావణమే. ఆ ద్రావణం కొన్ని గ్రాముల పొడి నుంచి, ఆ పొడి కొన్ని కొమ్ముల నుంచి వచ్చింది. కల్లంపై పైవరుస నుంచి తీసిన నాలుగు కొమ్ములు మొత్తం సరుకుకు ప్రాతినిధ్యం వహించవు. కొమ్ములకు, మండలకు కుర్కుమిన్ శాతంలో తేడా ఉండవచ్చు కనుక వాటిని కలపరాదు. బస్తాల పై, మధ్య, అడుగు భాగాల నుంచి కొద్దికొద్దిగా తీసి, కుప్పగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలను ఉంచుకుంటూ అవసరమైన పరిమాణం వచ్చేవరకు తగ్గించాలి. అందులో సగాన్ని సీలు వేసి రైతు వద్దనే ఉంచాలి. ఫలితంపై వివాదం వస్తే తిరిగి పరీక్షించడానికి అదొక్కటే ఆధారం.

నివేదికలో ‘గుర్తించబడలేదు’ అంటే ఆ పదార్థం అసలే లేదని అర్థం కాదు. పరికరం నమ్మకంగా కొలవగల కనిష్ఠ పరిమాణానికి లోపల ఉందని మాత్రమే అర్థం. ఆ కనిష్ఠ పరిమాణం చట్టపు పరిమితి కన్నా ఎక్కువైతే ఆ నివేదిక ఎగుమతికి ఉపయోగపడదు. పరీక్షించిన మందుల జాబితాను కూడా చూడాలి. జాబితాలో లేని మందును ఈ పద్ధతిలో పరికరం వెతకదు. ప్రయోగశాలకు గుర్తింపు ఉన్నదా, ఆ గుర్తింపు పసుపు నమూనాలకు, ఆ నిర్దిష్ట పరీక్షకు వర్తిస్తుందా అన్నది అడగాలి.

రాజేంద్రనగర్‌లోని పురుగుమందుల అవశేషాల ప్రయోగశాల, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఉన్న ద్రవ్యరాశి వర్ణపటమితి కేంద్రం హైదరాబాద్‌లోనే ఉన్నాయి. స్నాతకోత్తర విద్యార్థులు పరిశోధన ప్రణాళిక దశలోనే నమూనా సేకరణ పద్ధతి, నిల్వ ఉష్ణోగ్రత, అంతర్గత ప్రామాణికం, ఖాళీ నమూనా అనే నాలుగు అంశాలను రాసిపెట్టుకుని, పంట చేతికి రాకముందే ప్రయోగశాలతో చర్చించాలి. పంట ఎండి, నమూనా సంచి చేరిన తరువాత ఈ ప్రశ్నలు వేసుకుంటే సమాధానం చెప్పగల కొమ్ములు కల్లంపై మిగిలి ఉండవు.